గాలికొండ దగ్గర ఇరవై ఎనిమిది

నేను ఒక అంకెను. కారు స్టీరింగు వెనక ఉండే చిన్న తెర మీద, బ్యాటరీ బొమ్మ పక్కన, తెల్లగా వెలుగుతూ కూర్చుంటాను. ఈ బండి ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోగలదో చెప్పడం నా పని. నన్ను రేంజి అంటారు. కోపం వచ్చినప్పుడు అబద్ధాలకోరు అంటారు. మొదటి పేరుకు పలుకుతాను. రెండో పేరుకు ఎన్నిసార్లు పిలిచినా పలకను. ఎందుకు పలకనో చెప్పడానికే ఇవాళ నోరు విప్పాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఒంటికి సబ్బు రాసుకుంటూ ఫోనెత్తి "దార్లోనే ఉన్నాను, ఐదు నిమిషాల్లో అక్కడుంటా" అనేది ఎవరు? గ్యాసు బండను ఒక పక్కకు వంచి, కాస్త ఊపి, "ఇంకో వారం వస్తుందిలే" అని తేల్చేసి, మర్నాడు పప్పు సగం ఉడికాక పక్కింటికి పరిగెత్తేది ఎవరు? పుట్టిన పిల్లాడు ముసలితనంలో ఏ పదవిలో ఉంటాడో ఒకాయన వేళ్లు మడిచి చెబితే తలూపి, పళ్లూ తాంబూలం ఇచ్చి పంపేది ఎవరు? వీళ్లందరికీ నేను చెప్పే కిలోమీటర్ల దగ్గరే నిజం మీద ఎక్కడలేని పట్టింపు పుట్టుకొస్తుంది. నాకు నవ్వొస్తుంది. నవ్వితే తెర పాడైందనుకుంటారని ఊరుకుంటాను.

నేను ఫ్యాక్టరీలో పుట్టాను. బ్యాటరీకి మొట్టమొదటిసారి చార్జింగు ఎక్కించిన రోజు కళ్లు తెరిచాను. అప్పటికే నాకో అన్న ఉన్నాడు. ఆయన పేరు నాలుగొందల యాభై. గాలి చొరబడని గదిలో, గుండ్రంగా తిరిగే రోలర్ల మీద చక్రాలు తిప్పి, ఏసీ వెయ్యకుండా, ఎత్తూ పల్లం లేకుండా ఆయన్ని పుట్టించారు. ఆయన రోడ్డు ముఖం ఎన్నడూ చూడలేదు. షోరూములో అద్దం మీద పెద్ద అక్షరాలతో అతికించింది ఆయన్నే. కొనడానికి వచ్చినవాళ్లు ఆయన్ని చూసి మురిసిపోతారు. బండి ఇంటికొచ్చాక నాతో కాపురం చేస్తూ, నన్ను చూసి పళ్లు కొరుకుతారు. అన్న చెప్పిన మాటలకు తమ్ముణ్ని నిలదీస్తే ఎలా?

నా లెక్కలో దాపరికం లేదు. రెండే ముక్కలు. బ్యాటరీలో ఎంత మిగిలింది అన్నది ఒకటి. ఇంతకుముందు ఈ బండిని ఎలా తోలారన్నది రెండోది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది నేను. ముందున్న రోడ్డు నాకు కనపడదు. ఎదురుగాలి తెలియదు, కొండ తెలియదు, డిక్కీలో బియ్యం బస్తా వేశారా, వెనక సీట్లో ముగ్గురు మేనత్తలు ఎక్కారా అన్నదీ తెలియదు. మీ కాలు ఇందాకటిదాకా ఏం చేసిందో చూసి, ఇకమీదటా అదే చేస్తుందని నమ్మి చెప్తాను. మనిషిని నమ్మడమే తప్పయితే ఆ తప్పు నాది.

నన్ను ఇంటికి తెచ్చుకున్నావిడ పేరు నూకరత్నం. విశాఖపట్నం గోపాలపట్నంలో ఉంటుంది. ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తనే వెళ్లి, పడిపోయిన చేతిని, కాలిని మళ్లీ పనిలో పెట్టడం ఆవిడ వృత్తి. ఇన్నాళ్లూ స్కూటరు మీద తిరిగింది. ఇతరుల నడుములు సరిచేసీ చేసీ తన నడుము పట్టేసింది. సందుల్లో తిరగడానికి ఇదే నయమని పట్టుబట్టి చార్జింగు కారు కొంది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగి నేను ఆ ఇంటి గుమ్మం ముందుకు వచ్చేసరికి అక్కడ నా శత్రువు నిలబడి ఉన్నాడు. ఆవిడ భర్త ఈశ్వర్రావు. పోర్టు ఆఫీసులో పని. పెట్రోలు కారే కొనాలని ఆయన పంతం.

"సరే, కొన్నావు. బానే ఉంది. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి ఇది నడిరోడ్డు మీద ఆగిందనుకో, మర్నాడే అమ్మీడమే. మళ్లీ నన్నేమీ అనకూడదు" అన్నాడు.

"అలాగే అమ్మీండి" అంది రత్నం. ఆవిడకు కోపం వస్తే మాటలు తగ్గుతాయి.

మొదటి ఆదివారమే నన్ను పరీక్షించడానికి ఈశ్వర్రావు స్టీరింగు ఎక్కాడు. శ్రీకాకుళం వైపు హైవే. ఏసీ చలికి అద్దాల మీద చెమట పట్టింది. ముందు ఏ లారీ కనిపించినా దాన్ని దాటకపోతే ఆయనకు నిద్ర పట్టదు. ఆయన కాలు నొక్కుతోంది, నేను తగ్గుతున్నాను. పది కిలోమీటర్లు పోతే పద్దెనిమిది తగ్గాను. ఆయన బండి పక్కకు ఆపి షోరూముకు ఫోను చేశాడు.

"ఏటండీ ఇది? నాలుగొందల యాభై అన్నారు. రెండొందలు కూడా వచ్చీలా లేదు. మీటరు అబద్ధాలాడుతోంది" అన్నాడు.

ఆ ఫోను అవతల వాళ్లేమన్నారో నేను వినలేదు. నేను మాత్రం అంతసేపూ ఆయన కాలి గురించి పూసగుచ్చినట్టు నిజమే చెబుతున్నాను. ఆయనకు వినడం ఇష్టం లేదు.

సోమవారం నుంచి రత్నం చేతిలో పడ్డాను. ఆవిడది మెత్తటి కాలు. రోగి మోకాలిని ఎలా వంచుతుందో పెడల్ని అలాగే వంచుతుంది. ముందు సిగ్నలు ఎర్రగా ఉందని తెలిస్తే చాలా ముందే కాలు తీసేస్తుంది. కొబ్బరితోటలో ఒక ఇల్లు, పెందుర్తిలో ఒక ఇల్లు, ఎన్‌ఏడీ కూడలి దగ్గర మేడమీద ఒక ముసలావిడ. వారం తిరిగేసరికి నిండా చార్జింగు పెడితే మూడొందల ఇరవై దాకా ఎగబాకాను. అదే బండి, అదే బ్యాటరీ. ఈశ్వర్రావు నన్ను చూసి కళ్లు నులుముకున్నాడు. "దీనికి ఆడోళ్లంటే ఇష్టం కాబోలు" అన్నాడు. నాకు ఆడా మగా తేడా లేదు. నాకు తెలిసింది పాదం ఒక్కటే.

ఆ ఇంట్లో ఇంకొకాయన ఉన్నాడు. ఈశ్వర్రావు తండ్రి అప్పలస్వామి. ముప్పై ఏళ్లు అరకు ఘాట్ మీద బస్సు తోలి రిటైరయ్యాడు. కొత్త బండిని చుట్టూ తిరిగి చూసి, బానెట్టు ఎత్తించి, లోపల ఇంజిను లేకపోవడం చూసి మళ్లీ మూయించాడు.

"సప్పుడే లేదు. బండి బతికుందో సచ్చిందో ఎలా తెలుస్తాదే అమ్మా?" అన్నాడు కోడలితో.

"ఆ అంకె చూడండి మావయ్యా, అదే చెప్తుంది" అంది రత్నం.

"బండి సంగతి సెవికి తెలియాలి, ముడ్డికి తెలియాలి. అంకెకేటి తెలుస్తాది?" అన్నాడు ఆయన. ఆ మాట నన్ను పొడిచింది. ఆయన్ను చూస్తే మాత్రం కోపం రాలేదు. అంత ధీమాగా మాట్లాడే మనిషికి నన్ను ఎలాగైనా ఒప్పించాలనిపించింది.

ఆయనతో పాటు అదే బస్సులో కండక్టరుగా పనిచేసినవాడు కిల్లో గాసి. అరకు దగ్గర పల్లె ఆయనది. ఇద్దరూ కలిసి ఎన్ని వేలసార్లు ఆ ఘాట్ ఎక్కి దిగారో లెక్కలేదు. బస్సు వెనకాల గాసి రేకు మీద అరచేత్తో ఒక దెబ్బ కొడితే ఆపు అని, రెండు కొడితే పోనీ అని. ముందున్న అప్పలస్వామి వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఆ దెబ్బను వినడమే. ఆ గాసికి పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. రోజూ వ్యాయామం చేయించమన్నారట. చేయించేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. తమ్ముడి కుటుంబం తోటపనికి పోతే రోజంతా గోడవైపు చూస్తూ పడుకుంటున్నాడట.

అప్పలస్వామి ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయాడు. రత్నం చూసింది.

"మావయ్యా, మొదటి కొన్ని నెలలే ముఖ్యం. ఇప్పుడు పట్టుకుంటే చెయ్యి వస్తుంది. ఊరుకుంటే బిగుసుకుపోతుంది. ఆయన్ని మనింటికి తెచ్చీద్దాం. రోజూ నేనే చేయిస్తాను" అంది.

"ఆ కారులోనా?" అన్నాడు ఈశ్వర్రావు. "ఘాట్ మీద? అది ఎక్కేదేటి, దిగేదేటి? కదల్లేని మనిషిని పెట్టుకుని కొండ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారు? ట్యాక్సీ మాట్లాడండి."

"నా కోడలి బండిలోనే తెత్తాను" అన్నాడు అప్పలస్వామి. ఆయనకు బండి మీద నమ్మకం లేదు. కోడలి బండిని కొడుకు తీసిపారేయడం కూడా నచ్చలేదు.

"తీసుకెళ్లండి. ఆగిందంటే మాత్రం ఇక దాని మొహం చూడక్కర్లేదు" అన్నాడు కొడుకు. అలా ఆ ఆదివారం ప్రయాణంలో రెండు సంగతులు నా నెత్తిన పడ్డాయి. రత్నం బండి ఉండటమా పోవడమా అన్నది ఒకటి. గాసి చెయ్యి రెండోది. బండి పోతే ఆవిడ సగం మంది రోగుల ఇళ్లకు వెళ్లలేదు. గాసితో దారి మధ్యలో ఆగిపోతే ఇంకోసారి ఆయన్ని ఎవరూ తీసుకురారు.

శనివారం సాయంత్రం వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పేలి కరెంటు పోయింది. అందుకే నిండకుండానే బయలుదేరాం. తెర మీద నేను రెండొందల డెబ్బై. అరకు పోవడానికి నూట పదిహేను. రత్నం లెక్క వేసుకుని పోయి రావచ్చులే అనుకుంది. ఆవిడ లెక్కలోనూ కొండ లేదు, నా లెక్కలోనూ లేదు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక నేను పడిపోవడం మొదలుపెట్టాను. పడిపోక ఏం చేస్తాను? రెండు టన్నుల బరువును ఆకాశంలోకి మోసుకుపోవడం మాటలా? ఒక్కో మలుపుకు రెండేసి, మూడేసి తగ్గుతుంటే రత్నం మొహంలో రంగు కూడా తగ్గింది. పక్కన అప్పలస్వామి బయటికి చూస్తూ మలుపులకు పేర్లు చెబుతున్నాడు. ఆవిడ ఊఁ కొడుతోంది కాని వినడం లేదు. కళ్లు నా మీదే ఉన్నాయి.

అరకులో చార్జింగు పెట్టే చోటు ఉందని ఫోను చెప్పింది. వెళ్లి చూస్తే ఒక లాడ్జి వెనకాల ఆ యంత్రం మీద గోనెపట్టా కప్పి ఉంది, పట్టా మీద కోడి పడుకుని ఉంది. చివరికి గాసి వాళ్ల ఇంట్లోనే మామూలు ప్లగ్గులో గుచ్చారు. ఆ సన్న ధారతో నేను కొంచెం కొంచెంగా లేస్తుండగా మధ్యాహ్నం అక్కడా కరెంటు పోయింది. మళ్లీ వస్తుందేమోనని చాలాసేపు చూశారు. రాలేదు.

గాసిని మంచం మీద నుంచి లేపి, నలుగురు పట్టి, వెనక సీట్లో కూర్చోబెట్టారు. బక్కచిక్కిపోయి ఉన్నాడు. కుడిచెయ్యి ఒడిలో వేరే ఎవరిదో చెయ్యిలా పడి ఉంది. అప్పలస్వామిని చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు, కళ్లనీళ్లు వచ్చాయి. అప్పలస్వామి ఆయన కళ్లు తుడిచాడు. పాత మిత్రుడి భుజానికి బెల్టు బిగించి, ముందుకొచ్చి, కోడలు ఎక్కబోతున్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఘాట్ దిగడం నాకొగ్గీ అమ్మా. గాసిగాడు ఎనకాల ఉంటే బండి నానే తోలాలి" అన్నాడు.

రత్నం కాదనలేకపోయింది. అరకు నుంచి గాలికొండ దాకా మళ్లీ ఎక్కుడే. ఆయనకు కొత్త బండి, భయంగా నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. గాలికొండ దగ్గర ఎక్కుడు అయిపోయేసరికి నేను ఇరవై ఎనిమిది. అక్కణ్నుంచి కింద శృంగవరపుకోటకు నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఫోనుకు సిగ్నలు దొరికి ఈశ్వర్రావు పలికాడు.

"ఎంతుంది?"

"ఇరవై ఎనిమిది" అంది రత్నం.

"నే సెప్పలేదేటి? అక్కడే ఆపీండి. ఇంకో బండి పంపుతాను. రేపు ఆ కారు లాక్కొచ్చి అమ్మీద్దాం."

రత్నం ఫోను పట్టుకుని నన్ను చూసింది. దిగేటప్పుడు పెరుగుతుందని ఆవిడ చదివింది, విన్నది. కళ్లతో చూడలేదు. వెనక సీట్లో కదల్లేని మనిషి ఉన్నాడు. ఆవిడకు భయం వేసింది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అరవై అని చెబితే ముగ్గురూ ఊపిరి పీల్చుకునేవాళ్లు. నేను చెప్పలేదు. ఇరవై ఎనిమిది అంటే ఇరవై ఎనిమిదే. ఇంతసేపూ కొండ ఎక్కారు, ఎక్కినట్టే చెప్పాను. ముందు పల్లం ఉందని మీకు తెలుసు, మీ కళ్లకు కనిపిస్తోంది. రోడ్డు చూసే కళ్లు నాకు లేవు. ఓదార్పు కావాలంటే వేరే ఎవరినైనా అడగండి. ఆ రోజు నా మీద కోపం తెచ్చుకున్నవాళ్లందరికీ ఇదే నా జవాబు. ఇప్పటికీ మార్చుకోను.

"దిగిపోదాం మావయ్యా" అంది రత్నం చివరికి. ఫోను పెట్టేసింది.

అప్పలస్వామి కదిలించాడు. రెండు మలుపులు దిగాక ఆయన చేసిన పని చెబుతాను వినండి. గేరు తిప్పే గుండ్రటి మీటను, బండిని నడిపే డి నుంచి ఎన్‌కు తిప్పాడు. న్యూట్రల్లో వేశాడు. బస్సు తోలిన ముప్పై ఏళ్లలో ఆయన ఆ పని ఒక్కసారీ చెయ్యలేదు. డీజిలు మిగుల్చుకోవడానికి జీపులవాళ్లు న్యూట్రల్లో దిగుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి అమ్మా ఆలీ అని చూడకుండా తిట్టినవాడు. ఇప్పుడు ఇంజినే లేదు కదా, పట్టి ఆపే గేర్లే లేవు కదా, ఊరికే దొర్లించుకుంటూ పోతే చార్జింగు మిగులుతుంది అనుకున్నాడు. నా కోసమే అనుకున్నాడు. ఆయన కూడా నన్ను చూసి భయపడ్డాడు.

బండి జారుతోంది. నేను ఇరవై ఎనిమిది దగ్గరే బిగుసుకుని కూర్చున్నాను. కొండ తిరిగి ఇస్తున్నదంతా బ్రేకుల్లో వేడి అయి పోతోంది, నా దాకా ఒక్క చుక్క రావడం లేదు. ప్రతి మలుపు దగ్గరా ఆయన కాలు బ్రేకును తొక్కుతోంది. మాడు వాసన లోపలికి వచ్చింది.

"దిగుతున్నా పెరగదేటి? ఈశ్వర్రావు అన్నదే నిజం. దొంగ అంకె ఇది" అన్నాడు అప్పలస్వామి. నాకు నోరుంటే ఆ కొండ మీద అరిచేవాణ్ని. నా దారి మూసేసి నన్ను దొంగ అంటావా పెద్దాయనా అని అడిగేవాణ్ని.

రత్నం "మావయ్యా, ఏదో వాసన..." అంటోంది. అంతలో వెనక నుంచి దెబ్బ పడింది. గాసి ఎడమ అరచేయి, తలుపు మీద. ఒక్కటే దెబ్బ. గట్టిగా.

అప్పలస్వామి ఆలోచించలేదు. ముప్పై ఏళ్ల అలవాటు కాలిలోకి దిగింది. బండి పక్కకు తీసి పిట్టగోడ పక్కన నిలబెట్టాడు. ఆ తర్వాతే వెనక్కి తిరిగి చూశాడు. గాసి మొహం ఎర్రబడిపోయి ఉంది. ఎడమచెయ్యి చాపి ఆ గుండ్రటి మీటను చూపిస్తున్నాడు.

"గే... గే..." అన్నాడు. ఆ తర్వాత రాలేదు. రావాల్సిన అవసరం లేకపోయింది. అప్పలస్వామి చూపు మీట మీదికి పోయింది, అక్కడే ఆగింది.

"ఎక్కిన గేర్లోనే దిగాలి" అన్నాడు మెల్లగా. "కొత్త డ్రైవర్లకి నానే సెప్పేవోణ్ని కదరా. నా నోటితోనే సెప్పేవోణ్ని." దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి చటుక్కున తీసేశాడు. సెగ. పిట్టగోడ మీద కూలబడ్డాడు. ఆయనకు సిగ్గేసింది, ఆ సిగ్గు దాచుకోలేదు. "మడిసిని ఎనకాల ఏసుకుని న్యూట్రల్లో దించుతున్నానే అమ్మా" అన్నాడు కోడలితో.

రత్నం పక్కన కూర్చుంది. "మావయ్యా, దీనికీ ఇంజిన్ బ్రేకు లాంటిది ఉంది. డి లోనే ఉంచి, పెడల్ మీద నుంచి కాలు తీసీండి చాలు. మోటారు వెనక్కి పట్టుకుంటుంది. పైగా ఆ పట్టు ఊరికే పోదు, కరెంటు అయ్యి బ్యాటరీలోకి పోతుంది. న్యూట్రల్లో పెడితే ఆ పట్టు ఉండదు."

"ఈ ముక్క ముందు సెప్పవేటి?"

"మీకు ఘాట్ గురించి నేనేం చెప్తాను మావయ్యా?" అంది రత్నం. అది నిజమే. ఆవిడ ఆయన అనుభవానికి భయపడింది. ఆయన నాకు భయపడ్డాడు. ఆ బండిలో ఎవరికీ భయపడనిది మాట రాని గాసి ఒక్కడే.

బ్రేకులు చల్లారేదాకా ఆగారు. ఈసారి డి లో పెట్టాడు. కాలు తీశాడు. బండి ముందుకు తూలకుండా కొండను పట్టుకుని దిగింది. అప్పలస్వామి భుజాలు సడలాయి. "పట్టుకుందే! సెకండు గేర్లో బస్సు పట్టుకున్నట్టే పట్టుకుందే!" అన్నాడు. ఇక ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఏ మలుపు ముందు ఎంత కాలు తియ్యాలో, ఎక్కడ వదలాలో ఆ పాదానికి ఎప్పటినుంచో తెలుసు. బ్రేకు మీదికి కాలు పోవడమే మానేసింది. నేను ముప్పై అయ్యాను. ముప్పై నాలుగు అయ్యాను. అలాంటి కాలు నా జన్మలో ఎరగను. రత్నం కాలు మెత్తన, ఈశ్వర్రావు కాలు మొరటు. ఈయన కాలికి కొండ తెలుసు.

"నలభై! గాసీ, నలభై ఎక్కిందిరా!" అని అరిచాడు అప్పలస్వామి. అనంతగిరి దాటాక యాభై. వెనక గాసి నోరు ఒక పక్కకు వంకర పోయి నవ్వుతోంది. అది నవ్వేనని రత్నం అద్దంలో చూసి గుర్తుపట్టింది, తనూ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. శృంగవరపుకోటలో చదునుకు దిగేసరికి నేను డెబ్బై రెండు. ఇరవై ఎనిమిది చెప్పింది నేనే, డెబ్బై రెండు చెప్పింది నేనే. రెండూ నిజాలే. ఎక్కినప్పుడు ఎక్కినట్టు చెప్పాను, దిగినప్పుడు దిగినట్టు చెప్పాను.

దీపాలు పెట్టే వేళకు గోపాలపట్నం చేరాం. ఏసీ లేకుండా, కిటికీలు దించుకుని, రిక్షాలు కూడా దాటిపోతుంటే పోనిచ్చి వచ్చాం. గుమ్మం ముందు ఆగేసరికి నా దగ్గర పన్నెండు మిగిలింది. ఈశ్వర్రావు వీధిలోనే నిలబడి ఉన్నాడు. లోపలికి వంగి నన్ను చూశాడు, తండ్రిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. గాసిని ఒక పక్క పట్టుకుని దింపి, మళ్లీ వచ్చి, చార్జింగు తీగ లాగి తనే గుచ్చాడు. అది ఆయన క్షమాపణ అనుకుంటాను. నోటితో చెప్పి ఉంటే బాగుండేది. నాకు కాదు, ఆవిడకు.

గాసి ఆ ఇంట్లోనే ఉన్నాడు. రోజూ పొద్దున్నే రత్నం ఆయన వేళ్లు ఒక్కొక్కటే తెరిచేది, మూసేది. గోళీ పట్టుకోమనేది, వదలమనేది. ఆయన పట్టుకోగలిగేవాడు కాని వదలలేకపోయేవాడు. ఒక్కోరోజు విసుగొచ్చి ఎడమచేత్తో గోళీ విసిరేసేవాడు. అప్పలస్వామి గోళీ వెతికి తెచ్చి మళ్లీ చేతిలో పెట్టేవాడు. ఈలోగా నాకు కూడా ఒక దెబ్బ తగిలింది. బండిని సర్వీసుకు తీసుకెళితే ఏదో కొత్త ప్రోగ్రాం ఎక్కించి నా లెక్కలో చేరిన పాదాల జ్ఞాపకాన్నంతా తుడిచేశారు. రత్నం మెత్తన, అప్పలస్వామి కొండ, ఈశ్వర్రావు లారీలు, అన్నీ పోయాయి. బయటికి వచ్చేసరికి నేను మళ్లీ ఫ్యాక్టరీ నేర్పిన అంకె పలుకుతున్నాను, మా అన్నలాగా. నా బతుకులో నేను అబద్ధమాడిన రోజులేవైనా ఉంటే అవే. అవీ నాతో ఆడించినవే. మళ్లీ నాలుగు రోజులు వాళ్ల కాళ్ల కింద నలిగాక నా మాట నాకు వచ్చింది.

గాసిని ఊరికి దింపే రోజు వచ్చింది. చేతికర్ర పట్టుకుని, కాలు కొంచెం ఈడుస్తూ, తనంతట తానే నడిచి వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ఈసారి ఈశ్వర్రావు కూడా ఎక్కాడు. బండి కొండ ఎలా దిగుతుందో కళ్లతో చూస్తాడట. అప్పలస్వామి స్టీరింగు ముందు కూర్చుని డి లోకి తిప్పాడు. బండి మాత్రం కదల్లేదు.

"తీయండి నాన్నా" అన్నాడు ఈశ్వర్రావు.

"కండక్టరు సెప్పకుండా ఎలా తీత్తాన్రా?" అన్నాడు ఆయన, వెనక్కి తిరక్కుండా.

గాసి ఎడమచెయ్యి తలుపు మీదికి వెళ్లింది. "ఆ చెయ్యి కాదు" అంది రత్నం. గాసి ఆగాడు. ఒడిలోంచి కుడిచెయ్యి లేచింది. వణుకుతూ, వేళ్లు సగమే తెరుచుకుని, కిటికీ దాకా వెళ్లింది. తలుపు మీద పడింది.

ఒక దెబ్బ. ఒక దెబ్బ అంటే ఆపు అని. అప్పలస్వామి కాలు బ్రేకు మీదే ఉంది. చెయ్యి మళ్లీ లేవడానికి ప్రయత్నించి జారిపోయింది, మళ్లీ లేచింది. నేను తెర మీద నిండుగా వెలుగుతున్నాను, ఒక్కళ్లూ నా వైపు చూడటం లేదు. పుట్టాక మొదటిసారి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

రెండో దెబ్బ పడింది. గోరు తగిలినంత మెల్లగా పడింది.

"రైట్, రైట్!" అని అప్పలస్వామి తనే అరిచాడు, బండి కదిలింది.

ఇక్కణ్నుంచి అరకు ఎంతో, తిరిగి వచ్చేసరికి ఎంత మిగులుతుందో అడగండి, చెప్తాను. తగ్గితే తగ్గిందని మొహం మీదే చెప్తాను. కాని ఆ మొదటి దెబ్బ నుంచి రెండో దెబ్బ దాకా ఆ చెయ్యి ఎంత దూరం వచ్చిందో చెప్పమంటే నాకు రాదు. రాదని చెప్తున్నాను, చూడండి. అబద్ధాలకోరులు అలా చెప్పరు.